ఇల్లు లేనివానికి ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పుదురు. కొంత కలిగిన గృహస్థునకే యింత ప్రయాసమైన పని దినకూలిచే జీవించువానికి ఎట్లు సాధ్యమగును? అన్నమును, వస్త్రమును అతడు కొంచెము కొంచెముగా కొనుక్కొనవచ్చును. ఇల్లట్టిది గాదు. దానికి స్థలము కావలెను. ఒక్కసారిగా పెద్దమొత్తము కావలెను. కావున సంపాదన చాలనివానికి ఇల్లు సమకూర్చు భారమెవరిది? వానిదేనా? ధర్మాత్ములదా? ప్రభుత్వముదా? ఈ ప్రశ్నను గూర్చి నూఱేండ్లకు పైగా వాదించి, భిన్నమార్గములను ఆచరణమున పరీక్షించిన దేశములలో ఇంగ్లండు ముఖ్యమైనది. ఆ చరిత్ర మన విద్యార్థులకు మంచి పాఠము.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశమందు యంత్రశాలలు వృద్ధియైనకొలది పల్లెజనులు పట్టణములకు గుంపులుగా వచ్చిరి. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము కాపురముండెను. మురుగు పోవుటకు త్రోవ లేదు. మంచినీటికి వసతి లేదు. 1834వ సంవత్సరపు బీదల చట్టము ననుసరించి, సహాయము కోరు దేహదార్ఢ్యము గలవాడు వర్కుహౌసు అను శాలలో చేరవలసియుండెను. అచ్చటి బ్రదుకు బయటి కడపటి కూలివాని బ్రదుకుకంటె హీనముగా నుండవలెననుట ఆ చట్టపు సూత్రము. సహాయము సుఖముగా దొరకినచో జనులు సోమరులగుదురని దాని నిర్మాతల భయము. వారిలో నొకడైన ఎడ్విన్ చాడ్విక్కే 1842లో ప్రకటించిన నివేదికలో వేఱొక సత్యమును వెల్లడించెను. మురికివాడలు రోగములను పెంచుచున్నవనియు, సంపాదించువాడు రోగముచే మరణింపగా వాని భార్యాబిడ్డలు బీదల పన్నుపై ఆధారపడవలసి వచ్చుచున్నదనియు అతడు చూపెను. చెడ్డ యిల్లు దారిద్ర్యమునకు ఫలము మాత్రమే కాదు, కారణము కూడనని తేలెను.

అటుపిమ్మట దయగలవారిలోనే రెండు తెగలేర్పడెను. ఆక్టేవియా హిల్ అను స్త్రీ, జాన్ రస్కిన్ సమకూర్చిన ధనముతో 1865లో లండనునందు కొన్ని పాడిండ్లను తీసికొని, బాగుచేయించి, బీదలకు అద్దెకిచ్చెను. అద్దె వసూలు చేయునప్పుడే ఆ కుటుంబముల మంచిచెడ్డలు విచారించుచుండెను. బీదవాని స్వశక్తి చెడకుండ తోడ్పడవలెననియు, పురపాలక సంఘములే ఇండ్లు కట్టి అద్దెకిచ్చుట తగదనియు ఆమె మతము. ప్రభుత్వ సహాయమును కాదనువారందఱును కఠినహృదయులని తలంచుట పొరపాటని దీనివలన గ్రహింపవలెను.

రెండవ తెగవారు, కొందఱి దయ లక్షల జనులకు చాలదనిరి. 1889లో ఏర్పడిన లండన్ కౌంటీ కౌన్సిలు, 1890వ సంవత్సరపు చట్టము నాధారము చేసికొని, పేరుమోసిన ఓల్డ్ నికల్ అను మురికివాడను కూల్చి, అచ్చట బౌండరీ ఎస్టేటు అను చక్కని మేడలను కట్టించెను. 1900వ సంవత్సరమున దానికి ప్రారంభోత్సవము జరిగెను. గాలి, వెలుతురు, చెట్లు గల ఆ వీథులు నేటికిని నిలిచియున్నవి. కాని ఒక లోపము జరిగెను. పాతవాడనుండి 5,000కు పైగా జనులను ఖాళీ చేయింపగా, క్రొత్త యిండ్ల అద్దె వారి కందలేదు. మిక్కిలి కొలదిమంది మాత్రమే తిరిగి రాగలిగిరి. మంచి యుద్దేశముతో కట్టిన యిల్లు మిక్కిలి బీదవానికి దక్కలేదు.

మొదటి మహాయుద్ధము ఈ వాదమును మార్చివేసెను. ఆయుధశాలలలో పనికై జనులు గ్లాస్గో నగరమునకు రాగా ఇండ్ల యజమానులు అద్దెలు హెచ్చించిరి. 1915లో మేరీ బార్బర్ మొదలగు స్త్రీలు ముందు నిలిచి, హెచ్చించిన అద్దె చెల్లింపమని సమ్మె కట్టిరి. ఆ యేటనే అద్దెలను అదుపుచేయు చట్టము వచ్చెను. యుద్ధానంతరము, 1919లో, మంత్రి క్రిస్టఫర్ అడిసన్ పేర ప్రసిద్ధికెక్కిన చట్టము పురపాలక సంఘములు ఇండ్లు కట్టించి అద్దెకిచ్చుటకు ఖజానా ధనమును సమకూర్చెను. ఇట్టివానిని కౌన్సిలు ఇండ్లందురు. 5 లక్షల యిండ్లు సంకల్పింపబడెను గాని, వ్యయము హెచ్చెనని 1921లో సహాయమును కుదించుటచే సగమైనను పూర్తికాలేదు. 1924లో లేబరు మంత్రి జాన్ వీట్లీ చేసిన చట్టము క్రింద మరల సుమారు 5 లక్షలు లేచెను.

రెండవ మహాయుద్ధ కాలమున, 1942లో, విలియం బెవరిడ్జి తన నివేదికయందు లేమి, రోగము, అజ్ఞానము, మురికి, నిరుద్యోగము అను నైదింటిని జయింపవలసిన రాక్షసులుగా వర్ణించెను. యుద్ధము ముగిసిన వెనుక లేబరు మంత్రి అన్యూరిన్ బెవన్, కౌన్సిలు ఇండ్లు బీదల కొక్కరికే వేఱు వాడలు కారాదనియు, అన్ని వృత్తులవారును ఒకేచోట కలసి వసింపవలెననియు కోరెను. 1949వ సంవత్సరపు చట్టము, ఆ యిండ్లు శ్రామికులకే అను నిబంధనను తీసివేసెను. ప్రతిపక్షమైన కన్సర్వేటివులును వెనుదీయలేదు. ఏటికి 3 లక్షల యిండ్లు కట్టింతుమని వాగ్దానము చేసి 1951లో అధికారమునకు వచ్చి, హెరాల్డ్ మెక్మిలన్ మంత్రిత్వమున 1953లో దానిని చెల్లించిరి. 1979 నాటికి బ్రిటనులో సుమారు మూడవవంతు కుటుంబములు కౌన్సిలు ఇండ్లలో నుండెను.

అయినను ఫిర్యాదులు పెరిగెను. త్వరత్వరగా కట్టిన ఎత్తుమేడలలో కొన్ని బలహీనములు. 1968లో లండనునందలి రోనన్ పాయింటు అను 22 అంతస్తుల కట్టడము, గ్యాసు ప్రేలుటచే ఒక మూల కూలి నలుగురు మరణించిరి. అద్దెకున్నవానికి తన యింటిని తన యిష్టప్రకారము మార్చుకొను స్వేచ్ఛ లేకుండెను. ప్రభుత్వమే యజమానియైనచో జనులు అధికారుల చేతిక్రిందివారగుదురనియు, స్వంత యిల్లే స్వాతంత్ర్యమును, పొదుపును నేర్పుననియు కన్సర్వేటివులు వాదించిరి. 1980లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వము చేసిన చట్టము, మూడేండ్లు కాపురమున్నవారికి తమ కౌన్సిలు ఇంటిని మూడవవంతు మొదలు సగము వఱకు ధర తగ్గించి కొనుక్కొను హక్కునిచ్చెను. నాటినుండి ఒక్క ఇంగ్లండులోనే సుమారు 20 లక్షల యిండ్లు అమ్ముడుపోయెను.

పిల్లల కీయదగిన ఆస్తి ఎన్నడును లేని శ్రామిక కుటుంబములు ఇండ్లకు యజమానులైరి. ఇది కొంచెపు మేలు గాదు. అయితే అమ్మకపు ధనమునంతయు క్రొత్త యిండ్లకు వ్యయపఱచుటకు పురపాలక సంఘములకు స్వేచ్ఛ లేదు. పోయిన యిండ్లకు బదులు ఇండ్లు లేవలేదు. అమ్మిన యిండ్లలో పెక్కు కాలక్రమమున వ్యాపారుల చేతబడి, హెచ్చు అద్దెలకు పోయెను. ఆ యద్దెలు చెల్లింపలేనివారికి ప్రభుత్వమే హౌసింగు బెనిఫిట్ అను సహాయమీయవలసి వచ్చెను. ఇటుకలకు వ్యయము మానుకొన్నను, అద్దెలకు వ్యయము తప్పలేదు. ఈ కొనుగోలు హక్కును స్కాట్లండు 2016లోను, వేల్సు 2019లోను రద్దుచేసెను. ఇంగ్లండు 2024లో ధరల తగ్గింపును మిక్కిలి కుదించెను.

విద్యార్థులారా, 1900వ సంవత్సరమును, 1980వ సంవత్సరమును ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. మొదటిది ప్రభుత్వమే కట్టవలెననువారి పని. రెండవది ప్రభుత్వము తొలగవలెననువారి పని. సిద్ధాంతములు పరస్పర విరుద్ధములు. లోపము మాత్రము ఒక్కటే. ఇంటిలో చేరినవాడు సుఖపడెను. వాకిట నిలిచియున్నవానిని ఎవరును లెక్కింపలేదు. అతడు ప్రారంభోత్సవమునకు రాడు, చిత్తరువులలో కానరాడు, పత్రికలకు వ్రాయడు.

మన రాష్ట్రములలోను ప్రభుత్వము కట్టించు ఇండ్లను గూర్చి వాదములు తఱచుగా వినబడుచుండును. సహాయము మనుష్యుని నిలువబెట్టునని కొందఱును, కృంగదీయునని కొందఱును చెప్పుదురు. ఇరువురి మాటలను ఓపికతో వినుడు; ఇరువురియందును కొంత సత్యము కలదు. తరువాత ఒక్క ప్రశ్న వేయుడు: "ఈ పద్ధతివలన ఇంకను ఇల్లు దొరకనివాని గతి యేమి?" దీనికి సరియైన యుత్తరమీయగల వాదమే, అది ఏ పక్షమువారిదైనను, మన యాదరమునకు పాత్రమైనది.