కిట్ కారుకు వెనక దీపాలు

విడిభాగాలుగా కొని ఇంటి షెడ్డులో బిగించుకునేది కిట్ కారు. బ్రిటన్‌లో అది రోడ్డెక్కాలంటే ఐ.వి.ఏ. తనిఖీలో నెగ్గాలి. 1998లో మొదలైన ఎస్.వి.ఏ. స్థానంలో 2009లో వచ్చిన పరీక్ష ఇది. ఇంజనుకు పెట్టిన శ్రద్ధ చాలామంది వెనక దీపాలకు పెట్టరు. చూపుకు బాగున్నవి కొనేస్తారు. అక్కడే చిక్కు.

మొదట అద్దం మీది ముద్ర చూడాలి. వృత్తంలో 'ఇ' అక్షరం, పక్కన ఆమోదమిచ్చిన దేశం అంకె ఉంటాయి: 1 అయితే జర్మనీ, 11 అయితే బ్రిటన్. ముద్ర లేని దీపం ఎంత వెలిగినా పనికిరాదు.

తర్వాత స్థానం. పార్కింగు దీపం నేలనుంచి 350 మి.మీ.కు తగ్గకుండా, 1500 మి.మీ. మించకుండా ఉండాలి, కారు పక్క అంచుకు 400 మి.మీ. లోపల ఉండాలి. బయటివైపు 80 డిగ్రీలు, లోపలివైపు 45 డిగ్రీల వరకు కనబడాలి. వంపు తిరిగిన బాడీ, వెనక తగిలించిన స్టెప్నీ అడ్డొచ్చేది ఇక్కడే.

మంచు దీపం బ్రేకు దీపానికి కనీసం 100 మి.మీ. ఎడంగా, మధ్యనో కుడివైపో ఉండాలి. కారణం తేలికే: రెండూ గాఢమైన ఎరుపు. పక్కపక్కన ఉంటే పొగమంచులో బ్రేకు వేసిన సంగతి వెనకవాడికి తెలియదు.

కనుక ఫైబర్‌గ్లాసుకు రంధ్రం వేయకముందే దీపాన్ని టేపుతో అతికించి, అన్ని కోణాల నుంచీ కొలిచి చూసుకోవాలి. కోసిన బాడీని అతకడం కంటే ఇదే సులువు.