సరుకు నీది, బండి నీది... ఎంపికా నీదే కావాలి చెల్లీ!

చెల్లీ, ఇంట్లో మొదలుపెట్టిన పచ్చళ్ల వ్యాపారాన్ని, పిండివంటల వ్యాపారాన్ని నాలుగు ఊళ్లకు పంపేదాకా తెచ్చావంటే దాని వెనక ఎంత చాకిరీ ఉందో నాకు తెలుసు. తెల్లారుజామున పొయ్యి వెలిగించినదానివి, డబ్బాలకు మూతలు బిగించేసరికి పొద్దువాలుతుంది. అప్పుడు ఆటో కోసం ఫోన్లు మొదలుపెట్టాలి. సంక్రాంతి ముందు ఆటో దొరకదు, దొరికినా అడిగినంత ఇచ్చుకోవాలి. ఇక సొంత బండి కొనేద్దామని నీకు అనిపించడంలో వింతేమీ లేదు.

అయితే ఒక్క సంగతి. మనిళ్లలో బండి అనేసరికి మాట మగవాళ్ల చేతికి వెళ్లిపోతుంది. బావగారు ఒక కంపెనీ పేరు చెబుతారు, మరిది ఇంకోటి చెబుతాడు, షోరూమ్ కుర్రాడు ఆఫరున్నదాన్ని చూపిస్తాడు. ఆ బండిలో ఏం ఎక్కుతుందో, ఏ సందులోకి వెళ్లాలో, ఎవరు ఎత్తి దించాలో తెలిసినదానివి మాత్రం నువ్వు. అందుకే ఈసారి ముచ్చట నీతో.

కొలతలు ఇవ్వకుండా జాకెట్టు కుట్టించుకోం కదా! బండికీ అంతే. ముందు నీ సరుకును కొలుచుకో. పూతరేకులు, అప్పడాలు, జంతికల్లాంటివి చోటు తింటాయి, బరువుండవు. ఆవకాయ అలా కాదు. అయిదు కిలోల డబ్బాలు వంద ఎక్కిస్తే పచ్చడే 500 కిలోలు. డబ్బాల బరువు, అట్టపెట్టెలు, నడిపే మనిషి, సాయం వచ్చే మనిషి అంతా కలిపితే 650కి దగ్గరపడుతుంది. చూడటానికి బండి సగం ఖాళీగానే ఉంటుంది, మోయగలిగింది మాత్రం అయిపోతుంది. ఆర్సీలో ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి మొత్తం బరువు రెండూ రాసుంటాయి. ఆ రెంటికీ ఉన్న తేడాయే నీ హద్దు, మనుషులు కూడా అందులోకే వస్తారు. హద్దు దాటి పట్టుబడితే చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. ఎక్కువ బరువుతో బ్రేకు పట్టకపోతే జరిగే నష్టానికి ఇక లెక్కే లేదు.

షోరూమ్‌కి వెళ్లేముందు ఒక పని చెయ్యి. బండి లోపలి పొడవు, వెడల్పు అడిగి తెలుసుకుని వాకిట్లో ముగ్గుపిండితో అంత గడి గియ్యి. చక్రాల దగ్గర లోపలికి ఉబ్బి ఉండే చోటును కూడా గీసి, అక్కడ పెట్టెలు పెట్టకు. మిగిలిన చోట నీ డబ్బాలు పేర్చి చూడు. ఎన్ని పడతాయో, ఎన్ని వరసలు ఎత్తొచ్చో అక్కడే తేలిపోతుంది.

ఇక మూసిన వ్యానా, వెనక తెరిచి ఉండే మినీ ట్రక్కా? మన చిన్నప్పుడు వీధివీధికీ తిరిగిన మారుతి ఓమ్నిని 2019లో ఆపేశారు. ఇప్పుడు ఆ వరసలో ఉన్నది ఈకో కార్గో. ముందు రెండు సీట్లు, వెనకంతా సరుకు. వానకు తడవదు, దుమ్ము పడదు, తాళం వేసుకుని దుకాణంలోకి వెళ్లి రావచ్చు, పాతబస్తీ సందుల్లోనూ దూరుతుంది. స్వీట్లకు, పచ్చళ్లకు, బట్టల వ్యాపారానికి, కేకులకు నేను ఇలాంటిదే తీసుకోమంటాను. ఇందులో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి వేసవిలో ఆ వేడి ఎంత తెలుస్తుందో మధ్యాహ్నం పూట నడిపి చూడు. సీట్ల వెనక ఇనుప జాలీ ఉందో లేదో కూడా చూసుకో. గట్టిగా బ్రేకు వేస్తే డబ్బాలు వచ్చి వీపుకు తగలకూడదు.

కేటరింగ్ చేసేవాళ్ల సంగతి వేరు. గుండిగలు, గ్యాస్ సిలిండర్లు, బల్లలు ఎత్తుగా ఉంటాయి, మూసిన వ్యానులో ఇరుకవుతాయి. వాళ్లకు 2005లో వచ్చిన టాటా ఏస్ బాటలోని మినీ ట్రక్కులే నయం. మారుతి సూపర్ క్యారీ, మహీంద్రా జీతో ఆ కోవలోవే. కానీ సాంబారు నిండిన గుండిగను రోజూ ఎంత ఎత్తుకు లేపాలో ఆలోచించు. ఆ బరువెత్తేది నువ్వూ, నీతో పనిచేసే ఆడవాళ్లూ అయితే లోడు ఎక్కించే ఎత్తును బండి ధరతో సమానంగా చూడాలి. నడుము పోతే వ్యాపారం ఎవరు చేస్తారమ్మా!

కొందరు ఇంకో దారి చెబుతారు. ప్యాసింజర్ వ్యాను తెల్లబోర్డు మీద కొని, సీట్లు పీకేసి సరుకు వేసుకోమంటారు. వద్దు చెల్లీ. ప్రమాదం జరిగితే సొంత వాడకానికి తీసుకున్న బీమాతో వ్యాపారం చేశారని క్లెయిమ్ కొట్టేసే ప్రమాదముంది. రవాణా వాహనంగా రిజిస్టరైన బండినే, సరుకు రవాణా బీమాతోనే తీసుకో. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు, ఆ బెంగ పెట్టుకోకు. ఫిట్‌నెస్ మాత్రం చూపించాలి. కొత్త బండికి రెండేళ్లు ఉంటుంది, ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా.

పెట్రోలా, సీఎన్‌జీయా, కరెంటు బండా అన్నది నీ ఊరు చెబుతుంది. సీఎన్‌జీ బంకు మీ దారిలో ఉంటే ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ సిలిండరు బరువు నీ సరుకు వాటాలోంచే పోతుంది. సూపర్ క్యారీనే చూడు, పెట్రోల్‌ది 740 కిలోలు మోస్తుంది, సీఎన్‌జీది 625. ఆ సిలిండరును మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి కూడా. కరెంటు బండి రోజూ ఒకే దారిలో తిరిగి రాత్రికి ఇంటికొచ్చేవాళ్లకు బాగుంటుంది. కంపెనీ చెప్పే కిలోమీటర్లు లోడుతో, ఎండలో, ట్రాఫిక్‌లో అంతా రావు, కాబట్టి నీ రోజువారీ తిరుగుడుకు బాగా మించి ఉన్నదాన్నే ఎంచుకో.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకో. అయిదు లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, అయిదేళ్లు అనుకుంటే వాయిదా నెలకు సుమారు 10,600. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 15 వస్తే వంద లీటర్లు. లీటరు 110 అనుకుంటే 11,000. ఈ రెండే 21,000 దాటాయి. బీమా, టైర్లు, సర్వీసింగ్, డ్రైవరు జీతం ఇంకా కలపాలి. దీని పక్కన, గడిచిన ఏడాది ఆటోలకు, ట్రాలీలకు నెలకెంత కిరాయి కట్టావో రాయి. కిరాయి బాగా తక్కువుంటే ఇంకో ఏడాది ఆగు, అందులో నామోషీ ఏమీ లేదు. ఎక్కువుంటే ధైర్యంగా ముందుకెళ్లు. ముద్రా రుణం గురించి మీ బ్యాంకులో అడుగు.

ఇంతకంటే గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటుంది. బండి నీ వ్యాపారం పేరున ఉండాలి. ఇది పంతానికి చెప్పడం లేదు, లెక్క అదే చెబుతోంది. సరుకు బండి మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది, కరెంటు బండి మీద 5 శాతమే. నీకు మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషను ఉండి, బిల్లు నీ వ్యాపారం నంబరు మీద వస్తే, సరుకు బండి మీద కట్టిన ఆ పన్నును నువ్వు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు. జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. అదే బిల్లు మీ ఆయన పేరున తీసుకుంటే ఆ డబ్బు నీకు రాదు. వాయిదాలు నువ్వు కట్టినా మంచి పేరు బ్యాంకులో ఆయన ఖాతాకే చేరుతుంది. రేపు పెద్ద అప్పు కావాలంటే చూపించుకోవడానికి నీ పేరున ఏముంటుంది?

నడపడం కూడా నేర్చుకో చెల్లీ. రోజూ నువ్వే నడపమనడం లేదు, డ్రైవరు రాని రోజు నీ సరుకు ఆగకూడదని చెబుతున్నాను. కారు నడిపే లైసెన్సు ఉంటే చాలు. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని ఆ లైసెన్సుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చిచెప్పింది. వెనక సరుకుంటే బండి ఆగే తీరు మారుతుంది, రివర్సులో వెనక కనపడదు. కాబట్టి ముందు ఖాళీ బండితో, తర్వాత లోడుతో మైదానంలో అలవాటు చేసుకో.

షోరూమ్‌కి తోడుగా ఎవరినైనా తీసుకెళ్లు, కానీ డ్రైవరు సీట్లో నువ్వే కూర్చో. నీ ఎత్తుకు క్లచ్ అందుతోందా, చీరలో ఎక్కి దిగడం తేలికగా ఉందా, వెనక డోరు ఒంటిచేత్తో లేస్తోందా, మీ ఊళ్లో సర్వీసు సెంటరుందా అని నువ్వే చూసి, నువ్వే అడుగు. నచ్చకపోతే మొహమాటపడకుండా లేచి వచ్చెయ్యి. ఇన్నేళ్లూ ఉప్పు, కారం, నూనె పాళ్లు ఎవరినీ అడక్కుండా కుదుర్చుకుని ఇంతమంది నోటికి నచ్చేలా చేసినదానివి, నీకు సరిపోయే బండేదో తేల్చుకోవడం నీకు చేతకాని పని కానే కాదు.