మీ క్లోజర్ ఎంత?

కొత్త కోర్సుకు ఫీజు కట్టబోతున్నారా? కాస్త ఆగి ఒక లెక్క వేయండి. బీటెక్‌లో డీబీఎంఎస్ చదివినవాళ్లు పరీక్ష రాసి మరిచిపోయిన లెక్కే: ఆట్రిబ్యూట్ క్లోజర్. దీని వెనకున్న సూత్రాలను కంప్యూటర్ శాస్త్రవేత్త ఆర్మ్‌స్ట్రాంగ్ 1974లో ప్రకటించాడు.

క, చ, ట, త, ప అనేవి అయిదు విషయాలనుకోండి. క తెలిస్తే చ తెలుస్తుంది. చ తెలిస్తే ట తెలుస్తుంది. ట, త రెండూ ఉంటేనే ప తెలుస్తుంది. మీ చేతిలో క ఒక్కటే ఉందనుకోండి. మొదటి చుట్టులో చ వస్తుంది, రెండో చుట్టులో ట. మూడో చుట్టులో కొత్తగా ఏదీ రాదు. క, చ, ట: ఇదే మీ క్లోజర్.

గణితంలో క్లోజర్ ఆపరేటర్ అనిపించుకోవాలంటే మూడే షరతులు. మొదట ఉన్నది పోకూడదు. ఎక్కువ వేస్తే తక్కువ రాకూడదు. పూర్తయినదాని మీద మళ్లీ చేసినా అదే రావాలి. జనం డబ్బు తగలేసేది ఈ మూడోదాన్ని పట్టించుకోకే. ఎక్సెల్ వచ్చినవాడు ఇంకో ఎక్సెల్ కోర్సు, దానిమీద మరో సర్టిఫికెట్. ఇక రెండడుగులు వేస్తే దొరికే ట కోసం బయట ఫీజు కట్టేవాళ్లూ ఉన్నారు. నాకు వీళ్లమీదే ఎక్కువ జాలి.

అసలు మజా త దగ్గరుంది. ఒంటరిగా దాని క్లోజర్ అదే, ఇంకేమీ పుట్టించలేదు. కానీ క పక్కన చేరిందో, ప ఊడిపడుతుంది! విడివిడిగా లెక్కేస్తే నాలుగు, కలిపితే అయిదు. 1922లో గణితజ్ఞుడు కురటోవ్‌స్కీ టోపాలజీకి రాసిన క్లోజర్‌లో ఈ అదృష్టం లేదు. అక్కడ రెండు సమితులను కలిపి చేసినా, విడిగా చేసి కలిపినా ఒకటే. మన చదువులు ఆ బాపతు కాదు. అకౌంట్స్ వచ్చినవాడు జీఎస్టీ రిటర్నులు త్వరగానే పట్టేస్తాడు, అయినా జీతగాడిగానే ఉండిపోవచ్చు. క్లయింటుతో మొహమాటం లేకుండా ఫీజు మాట్లాడటం అలవాటైన రోజున సొంత ఆఫీసు తెరుస్తాడు. మాటకారితనం ఒక్కటే ఉన్నవాడికి ఆ ఆఫీసు రాదు.

కాగితం తీయండి. వచ్చినవి రాయండి. వాటినుంచి నేరుగా వచ్చేవి కింద చేర్చండి, చేర్చడానికి ఏమీ మిగలనిదాకా. తర్వాత మీకు కావలసిన పనులు చూడండి. వేటికి సగం షరతు ఇప్పటికే మీ దగ్గరుందో వాటికి టిక్కు పెట్టండి. మిగతా సగమే మీ త. ఫీజు దానికి కట్టండి. పక్క సీటులో ఉన్నాయనకి అది వచ్చుంటే ఆ ఫీజూ అక్కర్లేదు, మధ్యాహ్నం టీ తాగుతూ అడిగేయండి.