‘స్క్వాక్’ అను ఇంగ్లీషు మాట

విద్యార్థులారా! నిఘంటువు తెరచినచో ‘స్క్వాక్’ అను పదమునకు కర్ణకఠోరమైన అరుపు అను అర్థము మొదట కనబడును. కోడిని పట్టబోయినప్పుడును, పంజరములోని చిలుకను బెదరించినప్పుడును వినవచ్చునట్టిది. ధ్వనిని అనుకరించి పుట్టిన మాట గనుక పలికి చూచినచో సగము అర్థము చెవికే తెలియును. మన ‘కావుకావు’, ‘కిచకిచ’ ఇట్టివే. ఏనుగునకు ఘీంకారము, ఎద్దునకు రంకె, గాడిదకు ఓండ్ర యని మనము వేరువేరుగా చెప్పుదుము. కావున తెనిగించుటకు ముందు అరచినది ఏ ప్రాణియో చూచుకొనవలెను.

రెండవ అర్థము, బిగ్గరగా ఫిర్యాదు చేయుట. దీనిని మీలో పలువురు ‘మొరపెట్టుకొనుట’ అని వ్రాయుచున్నారు. అది పొసగదు. పోతన భాగవతములో గజేంద్రుడు పెట్టినది మొర. దానిని ఆలకించి విష్ణువు వైకుంఠము విడిచి వచ్చెను. కన్నడమున ‘మొరె’ యనునదియు ఇట్టి గౌరవము గల మాటయే. ‘స్క్వాక్’ అన్నచో, చెప్పువాని బాధ కాక వాని గోల మాత్రమే వినబడినదని ఎగతాళి. ‘గోలపెట్టుట’, ‘లబోదిబోమనుట’ తగిన మాటలు. ఒకే విన్నపమును ఒకరు మొర యనవచ్చును, మరియొకరు గోల యనవచ్చును; ఆ మాటను ఎన్నుకొనువాడు సాధారణముగా వినువాడే!

మన మారతహళ్ళి వారికి మూడవ అర్థము మరింత చేరువ. ప్రక్కనున్న హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయము నుండి ప్రయాణికుల విమానములు 2008లో దేవనహళ్ళికి తరలినను, సైనిక విమానములు మన తలలపై నేటికిని ఎగురుచున్నవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, విమానము స్వపక్షముదో శత్రుపక్షముదో తెలుపు యంత్రమునకు ఆంగ్లేయులు ‘చిలుక’ అను మారుపేరు పెట్టిరి. చిలుక పలుకవలెను గదా! అందుచేత ఆ యంత్రము సంకేతమిచ్చుటకు ‘స్క్వాక్’ అను పేరు వచ్చినది. నేడు నేలపైనున్న నియంత్రకుడు ‘స్క్వాక్’ అని నాలుగంకెలు చెప్పును. చోదకుడు వానిని యంత్రములో అమర్చును. అంకెలు 0 మొదలు 7 వరకే గనుక మొత్తము 4096 సంకేతములు. 7700 అన్నచో ఆపద, 7600 అన్నచో రేడియో చెడినది, 7500 అన్నచో విమానమును దుండగులు వశపరచుకొనిరి. ఈ ‘స్క్వాక్’ను ఎవరును గోల యనరు.

విమానములో కనబడిన లోపమును చోదకుడు పుస్తకములో వ్రాసిన పద్దునకును ఇదే పేరు. దానిని ఎట్లు సరిచేసినదియు మరమ్మతు చేసినవాడు వ్రాసి సంతకము చేయవలెను.

పాఠ్యపుస్తకములు ఆలస్యమైనప్పుడు కార్యాలయమునకు తెలుగులో వ్రాయవచ్చునా యని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. వ్రాయవచ్చును. కష్టనివారణకై చేయు విన్నపమును, ఆ రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను రాష్ట్రాధికారులకు సమర్పించు హక్కును రాజ్యాంగము 350వ అధికరణము ప్రతివారికిని ఇచ్చినది. తేదీ వేసి, నకలొకటి మీయొద్ద ఉంచుకొనుడు.