కరోనా యేట రైతునకు అందిన సాయము: మనము నేర్చుకొనవలసినది

అనావృష్టి, వరద, తెగులు మనకు ఎరుకపడిన కష్టములే. 2020 లో వచ్చిన కరోనా వేరు విధమైనది. పైరు పొలములో బాగుగనే యున్నది. కాని మార్చి 25 నుండి దేశమంతటను రాకపోకలు నిలిచినవి. అప్పటికి యాసంగి పంట చేతికి వచ్చుచుండెను; వానకాలపు పెట్టుబడి నెత్తిమీద నుండెను. ఆనాడు సాయము ఎట్లు వచ్చినది, ఎవరికి అందలేదు అను విషయము తెలిసికొనుట నేటికిని ప్రయోజనకరము.

సాయము వచ్చిన మార్గములు

1. పి.ఎం. కిసాన్: అర్హత గల రైతు కుటుంబమునకు ఏడాదికి రూ. 6,000 లు మూడు విడతలుగ ఇచ్చు కేంద్ర పథకమిది. ఏప్రిల్-జూలై విడత రూ. 2,000 లు 2020 ఏప్రిల్ లోనే చెల్లించిరి. ఇది అదనపు సొమ్ము కాదు. రావలసినదే ముందుగా వచ్చినది.

2. రైతుబంధు: ఇది 2018 మే 10 న ప్రారంభమైన రాష్ట్ర పథకము. 2020 వానకాలమునకు ఎకరమునకు రూ. 5,000 ల చొప్పున జూన్ నెలలో ఖాతాలకు జమ చేయసాగిరి.

3. పంటరుణము: గడువులోగా అప్పు తీర్చినవారికి 7 శాతము వడ్డీలో 3 శాతము తగ్గును. 2020 మార్చి 1 తరువాత తీర్చవలసిన అప్పులకు ఈ గడువును మొదట మే 31 వరకు, పిదప ఆగస్టు 31 వరకు పొడిగించిరి.

ఒక లెక్క

బిచ్కుంద మండలములో నల్లరేగడిపై సోయా వేయు మూడెకరముల పట్టాదారును తలచుకొనుడు. రైతుబంధు రూ. 15,000 లు, పి.ఎం. కిసాన్ రూ. 2,000 లు, వెరసి రూ. 17,000 లు. లక్ష రూపాయల పంటరుణముండి గడువులో తీర్చినచో ఏడాది వడ్డీలో రూ. 3,000 లు మిగులును. పది గుంటల రైతునకు రైతుబంధు రూ. 1,250 లు మాత్రమే, పి.ఎం. కిసాన్ విడత మాత్రము ఇద్దరికిని సమానమే. ఒకటి ఎకరమును చూచును, మరొకటి కుటుంబమును చూచును.

ఎవరికి అందలేదు?

అదే మూడెకరములను కౌలుకు చేయువాని సంగతి చూడుడు. విత్తనము, ఎరువు కొన్నది అతడు. సొమ్ము చేరినది పట్టాదారుకు. ఆహారభద్రత కార్డున్నచో మనిషికి 12 కిలోల బియ్యము, కార్డుకు రూ. 1,500 లు అందినవి గాని, పెట్టుబడికి ఆ పథకముల నుండి ఏమియు రాలేదు. తండ్రి గతించినను పట్టా మార్పించుకొననివారు, ఖాతా, ఆధార్ వివరములు సరిపడనివారు కూడ చిక్కుపడిరి.

మీరు చేయవలసినది

రైతుబంధు స్థానమున 2025 జనవరి 26 నుండి రైతు భరోసా వచ్చినది. పథకము పేరు మారినను కాగితముల అవసరము మారలేదు.

* వారసత్వపు పట్టామార్పును వాయిదా వేయకుడు.
* పాసుపుస్తకము, ఆధార్, బ్యాంకు ఖాతాలలో పేరు ఒకే విధముగ నున్నదా చూచుకొనుడు.
* పి.ఎం. కిసాన్ కు ఈకేవైసీ పూర్తిచేయుడు.
* కౌలుదారులు కౌలు మాట్లాడునపుడే పట్టాదారుకు వచ్చు సాయమును లెక్కలోనికి తెచ్చి, కౌలు తగ్గింప నడుగుడు. కుదిరిన మాటను కాగితముపై వ్రాసికొనుడు.

గ్రామాధికారులు విత్తుటకు ముందే, సొమ్ము పడనివారి జాబితా వ్రాసి, ఒక్కొక్కరి కారణమును విస్తరణాధికారితో కలిసి విచారింపవలెను. అదను దాటిన వాన వంటిదే అదను దాటిన సాయము. కష్టము చెప్పి రాదు. కాగితములను ముందే సరిచూచి యుంచుట మన చేతిలోని పని.