కాలధనాలు – జీవన విలువలు

మానవుని విలువలు అతని మాటలలో కంటె అతని దినచర్యలోను, జమాఖర్చులలోను స్పష్టంగా వ్యక్తమవుతాయి. సత్యం, దయ, విద్య, శ్రమ పట్ల గౌరవం మొదలైనవి గొప్పవని అందరూ అంగీకరిస్తారు. అంగీకరించడానికి ఖర్చేమీ లేదు. కాని ఒక విలువను ఆచరణలో పెట్టవలసి వచ్చినప్పుడు కొంత కాలాన్నో, కొంత ధనాన్నో దానికి కేటాయించక తప్పదు. ఆ కేటాయింపు జరగనంత వరకు అది మన అభిప్రాయంగా ఉంటుందే గాని నడవడిగా మారదు. నిత్యజీవితంలో ఈ రెండింటినీ మనం ఏ విధంగా వినియోగిస్తున్నామో పరిశీలించడమే ఈ పాఠం ఉద్దేశం.

మన ప్రాచీనులు ఈ విషయాన్ని ఏనాడో గుర్తించారు. మహాభారతం సభాపర్వంలో నారద మహర్షి ఇంద్రప్రస్థానికి వచ్చి ధర్మరాజును కుశలప్రశ్నలు అడిగే ఘట్టం ఉంది. నీ మనస్సు ధర్మంలో నిలిచి ఉన్నదా అని అడిగి మహర్షి అంతటితో ఊరుకోలేదు. ధర్మార్థకామాలకు కాలాన్ని తగిన విధంగా విభజించుకొంటున్నావా? రాత్రి చివరి భాగంలో మేల్కొని చేయవలసిన పనులను ఆలోచిస్తున్నావా? ఆదాయంలో కొంత భాగానికే వ్యయాన్ని పరిమితం చేస్తున్నావా? గణకులు ప్రతిదినం పూర్వాహ్ణంలో ఆదాయవ్యయాలను సరిచూస్తున్నారా? కష్టంలో ఉన్న బంధువులను, గురువులను, వృద్ధులను, శిల్పులను ధనధాన్యాలతో ఆదుకొంటున్నావా? ఇట్లా ఆ ప్రశ్నలు సాగుతాయి. ధర్మమే తన పేరుగా గల రాజును సైతం కాలాన్ని గురించి, ధనాన్ని గురించి లెక్క అడగడం ఇక్కడ గమనింపదగిన విశేషం. మనస్సులోని ధర్మానికి ఆ లెక్కే సాక్ష్యమని మహర్షి భావం.

రాజులకు చెల్లిన ఈ నీతి సామాన్య ఉద్యోగికి కూడా చెల్లుతుందనడానికి గిడుగు వేంకట రామమూర్తి జీవితం నిదర్శనం. 1863 ఆగస్టు 29న జన్మించిన ఆయన వ్యావహారిక భాషోద్యమ సారథిగా తెలుగువారందరికీ సుపరిచితులు. ఆయన జన్మదినాన్నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. 1880లో ఆయన పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతంతో ఉపాధ్యాయుడుగా చేరారు. ఆ పట్టణం నేడు ఒడిశాలో ఉంది. దాని చుట్టుపట్ల కొండలలో సవరలు నివసిస్తారు. వారికి చదువు చెప్పే బడులు లేవు. బడులు పెట్టినా వారి భాష తెలిసిన ఉపాధ్యాయులు లేరు.

గిరిజనులకు విద్య అవసరమని ఆనాడు అన్నవారు ఇంకా కొందరు ఉండవచ్చు. రామమూర్తిగారు అనడంతో ఆగలేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక సవరను తమ ఇంట ఉంచుకొని, ఉద్యోగం చేసుకొంటూనే ఆ భాష నేర్చుకొన్నారు. సవర భాషలో పుస్తకాలు రాశారు. సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు వారి మాతృభాషలోనే చదువు చెప్పించారు. మన్యపు మలేరియాకు వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని చెబుతారు. భాషను చెవితో పట్టుకొనవలసిన పండితునికి అది ఎంత పెద్ద నష్టమో ఊహించవచ్చు. అయినా ఆయన కృషి ఆగలేదు. దశాబ్దాల శ్రమ ఫలితంగా 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర – ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఇవి ఒక్క రోజు ఆవేశంతో పుట్టిన గ్రంథాలు కావు. ఒక ఉపాధ్యాయుని తీరిక సమయంలో నుంచి, అతని జీతంలో నుంచి కొద్దికొద్దిగా కూడిన ఫలితాలు.

ఇటువంటి నిష్ఠకు పాండిత్యం గాని, ఉద్యోగం గాని ఉండి తీరాలనే నియమం లేదు. గోదావరి పాయల నడుమ ఉన్న లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) అనే గృహిణి జీవించారు. ఆమెది వ్యవసాయ కుటుంబం. ఆకలితో ఇంటికి వచ్చినవారికి కులమతాలు, వేళాపాళా అడగకుండా అన్నం పెట్టడం ఆమె వ్రతం. ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరగా, ఆకలితో అలమటిస్తున్న ఒక పెళ్ళిబృందం సీతమ్మగారి ఇల్లు చేరితే భోజనం దొరుకుతుందని చెప్పుకోవడం దారిలో ఆమె చెవిన పడిందట. ఆమె యాత్ర మాని, వెనుదిరిగి వచ్చి వారికి వండిపెట్టారని జనం నేటికీ చెప్పుకొంటారు. ధాన్యం గల ఇళ్ళు ఆ సీమలో ఎన్నో ఉండేవి. అర్ధరాత్రి లేచి పొయ్యి రాజేసే ఓపిక గల ఇల్లు మాత్రం అరుదు. ఆమె దానంలో బియ్యంతో పాటు నిద్ర, విశ్రాంతి, చివరకు తీర్థయాత్ర కూడా ఉన్నాయి.

ఇవి మహనీయుల కథలు, జీతం గాని పొలం గాని లేని విద్యార్థులం మేమేమి చేయగలమని మీరు అడగవచ్చు. విద్యార్థి చేతిలో కూడా కాలం ఉంది, కొద్దిపాటి ధనం ఉంది. కళాశాల, ప్రయాణం, చదువు, నిద్ర పోగా రోజుకు ఒక గంట మిగిలినా సంవత్సరానికి 365 గంటలు. రోజుకు పది రూపాయలు సంవత్సరానికి 3,650 రూపాయలు. ఇవి చిల్లరగా కనబడతాయి గనుకనే మనకు తెలియకుండా జారిపోతాయి. సెల్‌ఫోను చేతిలోకి తీసుకొన్నప్పుడు అయిదు నిమిషాలని అనుకొంటాం. తల ఎత్తేసరికి గంట గడుస్తుంది. ఫోనుతోనే చెల్లింపులు జరిపే ఈ రోజులలో నోటు చేయి దాటిన స్పృహ కూడా కలగదు.

నిత్యజీవితంలోని కొన్ని సందర్భాలను పరిశీలిద్దాం. శ్రమను గౌరవించాలని వ్యాసం రాసిన విద్యార్థి, ఎండలో కూర్చొని ఆకుకూరలు అమ్మే అవ్వతో రెండు రూపాయల కోసం గీచిగీచి బేరమాడతాడు. అద్దాల దుకాణంలో మాత్రం చీటీ మీద అచ్చువేసిన ధరను మారుమాట లేకుండా చెల్లిస్తాడు. అమ్మమ్మ అంటే ప్రాణమని చెప్పే అమ్మాయి, చూపు మందగించిన ఆమెకు దినపత్రిక చదివి వినిపించడానికి పది నిమిషాలు లేవంటుంది. వీరు అబద్ధమాడుతున్నారని అనలేము. వారి ప్రేమ, గౌరవం నిజమైనవే కావచ్చు. అవి ఇంకా వారి దినచర్యలోకి దిగిరాలేదు, అంతే.

ఈ చిన్న ఎంపికలు చిన్నవిగానే ఉండిపోవు. వరకట్నాన్ని నిషేధించే చట్టం 1961లోనే వచ్చింది. కట్నం తప్పని వక్తృత్వ పోటీలో బహుమతి పొందిన యువకుడే తన వివాహ సమయంలో పెద్దల ఇష్టమని తలవంచుకొని కూర్చోవడం మనం చూస్తున్నాం. ఆడపిల్ల తండ్రి చేసే అప్పు ఆ మౌనంలోనే మొదలవుతుంది. పదిమంది మెప్పు కోసం ఖర్చు చేయడం పదిహేడేళ్ళ వయస్సులో అలవడినవానికి, పాతికేళ్ళ వయస్సులో పదిమందికి ఎదురు నిలిచి వద్దనడం కష్టం. చేతిలోని పది రూపాయల విషయంలో వద్దు అనడం నేర్చినవానికి ఆ ధైర్యం కొంత ముందే సిద్ధమై ఉంటుంది.

అయితే కొన్ని విషయాలలో జాగ్రత్త అవసరం. పొదుపు వేరు, లోభం వేరు. అవసరమైన చోట వెచ్చించడానికి కూడబెట్టడం పొదుపు, అవసరమైన చోట కూడా చేయి ముడుచుకోవడం లోభం. అట్లాగే ఎంత ఇచ్చారన్న దానిని బట్టి మనుషులను తూచరాదు. రెక్కాడితే గాని డొక్కాడని కూలి తన అన్నంలో సగం పొరుగింటి పసివానికి పెట్టవచ్చు. ఆ దానం ఏ ఖాతాలోను కనబడదు. ఒక్కొక్కప్పుడు రెండు విలువల మధ్య ఘర్షణ కూడా ఏర్పడుతుంది. పరీక్ష రుసుము కోసం తండ్రి అప్పు చేసి ఇచ్చిన సొమ్ము చేతిలో ఉండగా స్నేహితునికి ఆపద వస్తే ఏం చేయాలి? ఆ సొమ్ము తండ్రి నమ్మకంతో అప్పగించినది. ఆయనను అడగకుండా ఇవ్వడం ఔదార్యం అనిపించుకోదు. కాని స్నేహితుని వెంట ఆసుపత్రికి వెళ్ళి రాత్రంతా తోడుండవచ్చు. ధనం లేని చోట కాలంతో ఆదుకోవచ్చునని గుర్తిస్తే చాలా సందర్భాలలో మార్గం దొరుకుతుంది.

కనుక విద్యార్థులు ఒక చిన్న ప్రయత్నం చేయవచ్చు. మీరు మిక్కిలిగా గౌరవించే మూడు విలువలను ఒక కాగితం మీద రాయండి. తరువాత ఏడు రోజుల పాటు మీ సమయం, మీ సొమ్ము దేనికి వినియోగమైనవో ప్రతి రాత్రి నిజాయితీతో నమోదు చేయండి. వారం ముగిసిన తరువాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కాగితం మీద ఉండి లెక్కలో లేని విలువ ఏదో తెలుస్తుంది. మరుసటి వారంలో దానికి రోజుకు పావుగంటో, పది రూపాయలో కేటాయించండి. ఆ లెక్కను ఎవరికీ చూపనవసరం లేదు. నారదుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలను మనల్ని మనమే అడుగుకొని సమాధానం రాసుకొంటే చాలు.

అభ్యాసం

అ) పదాలు – అర్థాలు
పూర్వాహ్ణం : పగటిలో మొదటి భాగం
గణకులు : లెక్కలు చూసేవారు
నిదర్శనం : ఉదాహరణ, సాక్ష్యం
ఔదార్యం : ఉదార గుణం

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సమాధానాలు రాయండి.
1. నారదుని కుశలప్రశ్నలలోని ఆంతర్యాన్ని వివరించండి.
2. సవరల విద్య కోసం గిడుగు రామమూర్తి చేసిన కృషిని తెలపండి.
3. పొదుపునకు, లోభానికి గల భేదమేమి?
4. 'ధనం లేని చోట కాలంతో ఆదుకోవచ్చు' – మీ అనుభవంలోని ఒక సందర్భంతో సమర్థించండి.