చిప్పలలోని జీవులు

హైదరాబాదు పాతనగరమున జహనుమా అను పేట కలదు. పారసీక భాషలో ఈ మాటకు 'లోకమును చూపునది' అని అర్థము. ఆ పేటకు అనతిదూరమున మీర్ ఆలం చెరువున్నది. నిజాము కొలువున దివానుగా నుండిన మీర్ ఆలం 1804లో దీనికి పునాది వేయించెను. 1806లో కట్ట పూర్తియయ్యెను. 21 రాతి కమానులు వరుసగా నిలిచి నేటికిని నీటి బరువును మోయుచున్నవి.

చెరువు చెంతనే 1963లో తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాలకు సింహములను, ఏనుగులను చూచుటకై జనులు గుంపులుగా వత్తురు. కాని చెరువుల బురదలో బ్రదుకు చిన్నప్రాణులను గమనించువారు అరుదు. నత్తయు, ఆల్చిప్పయు అట్టివే. ఈ రెండును మొలస్కా వర్గమునకు చెందినవి. మెత్తని దేహము ఈ వర్గమునకు లక్షణము. వీనిలో పెక్కింటికి సున్నపు గుల్ల కవచముగా నుండును. లోకమున నేడు జీవించియున్న ఈ వర్గపు జాతులు సుమారు 80,000 వరకు తెలియవచ్చినవి. ఏ ప్రాణి యేమి తినునో, ఎట్లు తినునో తెలిసినచో దాని బ్రతుకు సగము తెలిసినట్లే.

చెరువునత్త నాలుకపై సన్నని పండ్లు వరుసలుగా నుండును. వానితో అది ఆకురాయి రాచినట్లు రాళ్ళపై పాచిని గీకి తినును. నీటిమొక్కల ఆకులను కొరుకును. నీటిలో శ్వాసించుటకు దానికి మొప్ప గలదు. గాలిని పీల్చుటకు ఊపిరితిత్తివంటి సంచియు గలదు. వేసవిలో చెరువెండినచో బురదలో దూరి, గుల్లవాకిలిని మూతతో బిగించుకొని, వానలు కురియువరకు తిండిలేక పడియుండును.

ఆల్చిప్ప రీతి వేరు. దానికి తలలేదు, పండ్లు లేవు. అది తిండికై తిరుగదు. తిండియే దానికడకు వచ్చును. దాని మొప్పలపై కంటికానని రోమములు నిరంతరము కదలుచుండును. ఆ కదలికచే నీరు చిప్పలోనికి ప్రవహించును. మొప్పలు జల్లెడవలె పనిచేయును. నాచుకణములు, సూక్ష్మజీవులు, కుళ్ళిన ఆకుల నలుసులు జిగురులో చిక్కుకొని నోటికి చేరును. పనికిరాని నలుసులను అది ముద్దచేసి బయటకు విడుచును; అవి అడుగునకు దిగిపోవును. తేరిన నీరు మరల చెరువులో కలియును. ఇట్లు తన కడుపు నింపుకొనుటలోనే ఆల్చిప్ప చెరువును శుభ్రపరచుచున్నది.

దాని శైశవము మరియు వింతైనది. తల్లి విడిచిన పిల్లలు చేపల మొప్పలను, రెక్కలను పట్టుకొని, కొన్నాళ్ళు వానిపై ఆధారపడి పెరిగి, పిదప అడుగునకు రాలును. చేపలు లేని చెరువున ఆల్చిప్పల వంశము నిలువదు.

స్వాతికార్తెలో చినుకు పడినచో చిప్పలో ముత్యము పుట్టునని పెద్దలు చెప్పుదురు. చార్మినారు చెంత ముత్యముల అంగళ్ళు ప్రసిద్ధములు. పూర్వము బస్రా ముత్యములు ఈ నగరమునకు వచ్చెడివి. నేడు పెంపకపు ముత్యములే విస్తారముగా వచ్చుచున్నవి. నిజమునకు చినుకుతో పనిలేదు. పురుగో, మరియే పరాయి వస్తువో లోపల చేరినపుడు, దానిచుట్టు చిప్ప మెరయు పదార్థమును పొరలుపొరలుగా పూయును. అదియే ముత్యము.

పచ్చిమామిడికాయల చెక్కు తీయుటకు తెలుగువారు ఆల్చిప్పను వాడిరి. గుల్లలను కాల్చి సున్నము చేసిరి. చచ్చిన చిప్ప ఉపయోగము అందరికిని తెలిసినదే. బ్రదికిన చిప్ప చేయు మేలు తెలిసినవారు కొందరే. ఆల్చిప్పకు నీటిని ఎంచుకొను శక్తి లేదు. మురుగు కలిసిన నీటితోపాటు సీసమువంటి లోహముల విషమును గూడ అది తన దేహమున చేర్చుకొనును. ఒకప్పుడు నగరమునకు త్రాగునీరిచ్చిన మీర్ ఆలం చెరువునకు ఇటీవలి దశాబ్దములలో మురుగు చేరినది. కొంత మలినమును ఆల్చిప్ప వడగట్టగలదు. మితిమీరినచో అదియే మడియును. అప్పుడు నీటిని తేర్చు పని చేయువారుండరు.